నాన్న స్కోరు కోసం... షామ్ షుయ్ పో!

హాంకాంగ్ వెళ్లొచ్చామని చెబితే ఎవరైనా మొదట అడిగేది ఒకటే... ‘డిస్నీల్యాండ్ చూశారా?’ అని. చూశాం. విక్టోరియా పీక్ ఎక్కాం, స్టార్ ఫెర్రీలో సముద్రం దాటాం, ఫొటోలు కూడా బోలెడు దిగాం. కానీ ఆ నాలుగు రోజుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం ఏ టూర్ ప్యాకేజీలోనూ లేని ఓ పాత పేట. పేరు షామ్ షుయ్ పో. అక్కడికి నేను వెళ్లింది అరచేతిలో ఇమిడిపోయే ఓ ప్లాస్టిక్ బిళ్ల కొనడానికి. దాని కోసం ఒక రోజంతా ఎందుకు ఖర్చుపెట్టానో చెప్పాలంటే, ముందు మా రాజమండ్రి ఇంటికి వెళ్లాలి.

లెక్కల మాస్టారి ఆట

1999 వేసవి సెలవుల్లో మావయ్య సింగపూర్ నుంచి వస్తూ నాకూ తమ్ముడికీ కలిపి ఒక గేమ్‌బాయ్ కలర్ తెచ్చాడు. దాంతోపాటు ఒకే ఒక్క ఆట... టెట్రిస్ డీఎక్స్. పైనుంచి పడే ముక్కల్ని తిప్పి తిప్పి ఖాళీల్లేకుండా పేర్చాలి, అంతే. ఎగ్జిబిషన్లలో ‘బ్రిక్ గేమ్’ పేరుతో అమ్మేవారే, అదే ఆట. కాకపోతే ఇది రంగుల్లో ఉంటుంది, ఎవరి పేరు వాళ్లు పెట్టుకోవచ్చు, ఎవరి స్కోరు వాళ్లకి దాచిపెడుతుంది. ఆట ఉండే బిళ్లని అందరూ కాట్రిడ్జ్ అంటారట. మేం మాత్రం క్యాసెట్ అనేవాళ్లం.

మేమిద్దరం ‘నాకంటే నాకు’ అని కొట్టుకుంటుంటే, హైస్కూల్లో లెక్కల మాస్టారైన నాన్న ‘ఇటివ్వండి, తగువు తీరుస్తా’ అని లాక్కునేవారు. లాక్కున్నాక ఇచ్చేవారు కాదు! భోజనం చేసి, పడక్కుర్చీలో వాలి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని ‘ఒక్క ఆట’ అంటూ మొదలుపెడితే అమ్మ కాఫీ తెచ్చేదాకా లేచేవారు కాదు. కొన్నాళ్లకి మాకు మోజు తీరిపోయింది, చదువులకని ఊళ్లు మారిపోయాం. నాన్న మాత్రం నెలకోసారి కిరాణా సామానుతోపాటు రెండు పెన్సిల్ సెల్లు రాయించడం మానలేదు. ఆయన అత్యధిక స్కోరు 2,18,476. ఫోన్ చేసినప్పుడల్లా ‘దాన్ని దాటండి చూద్దాం’ అనేవారు. మేం దాటలేదు.

2019లో నాన్న పోయారు. ఆయన చేతి గడియారం, ఎర్రసిరా పెన్నూ తమ్ముడు తీసుకున్నాడు. గేమ్‌బాయ్ నేను తెచ్చుకున్నాను. ఎప్పుడైనా ఆన్ చేస్తే, తెర మీద ఇంగ్లిషు అక్షరాల్లో నాన్న పేరూ పక్కనే ఆ అంకే కనపడేవి. అదో ధైర్యం నాకు.

ఆ మధ్య బెంగళూరు నుంచి వచ్చిన తమ్ముడు దాన్ని చూసి, ‘అక్కా, ఇది ఇంకా ఉందా? లోపలి బ్యాటరీ ఎప్పుడో అయిపోయి ఉండాల్సిందే!’ అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది.

బ్యాటరీ అయిపోతే అంతే!

విషయం ఏంటంటే... అప్పటి క్యాసెట్లలో ఆట ఉండే చిప్పు వేరు, మన స్కోరు ఉండే చిప్పు వేరు. ఆట ఉండేది అచ్చయిన పుస్తకం లాంటిది, చెరిగిపోదు. స్కోరు ఉండే చిప్పుకి మాత్రం ఎప్పుడూ కాస్త కరెంటు అందుతూ ఉండాలి. అందుకోసం లోపల చొక్కా బొత్తాం అంత బ్యాటరీని టంకం వేసి బిగిస్తారు. అది పదేళ్లు రావచ్చు, పాతికేళ్లు రావచ్చు. ముందుగా చెప్పదు. ఒకరోజు ఆన్ చేసేసరికి అన్నీ సున్నాలే! పోనీ కొత్త బ్యాటరీ వేయిద్దామంటే, పాతది ఊడదీసిన క్షణంలోనూ స్కోరు పోవచ్చు.

దీనికి మార్గం కూడా తమ్ముడే చెప్పాడు. ముందు క్యాసెట్‌లో ఉన్న ఆటనీ స్కోరునీ రీడర్ అనే చిన్న పరికరంతో కంప్యూటర్లోకి తీయాలి. తర్వాత వాటిని ‘ఫ్లాష్ కార్ట్’లోకి ఎక్కించాలి. మామూలు క్యాసెట్ అచ్చు పుస్తకమైతే ఫ్లాష్ కార్ట్ పలక లాంటిది. చూడ్డానికి క్యాసెట్‌లాగే ఉంటుంది, గేమ్‌బాయ్‌లో పట్టేస్తుంది. కానీ లోపల ఫోన్లలో వాడే మైక్రోఎస్‌డీ కార్డు పెట్టుకునే చోటుంటుంది. అందులో మనం ఏం వేస్తే అది ఆడుతుంది.

‘ఆన్‌లైన్లో బోలెడు దొరుకుతాయి. కానీ సగం నకిలీలు. హాంకాంగ్ ఎలాగూ వెళ్తున్నారుగా, షామ్ షుయ్ పోలో కళ్లతో చూసి కొనుక్కో’ అన్నాడు. అలా మా టూరులో ఓ రోజు తగ్గి, నాన్న లెక్కలో చేరింది.

లోతు నీళ్ల రేవు

చిమ్ షా చుయ్‌లో మా హోటల్ దగ్గర్నుంచి ఎంటీఆర్ రైల్లో ఎరుపు రంగు లైను పట్టుకుంటే అయిదో స్టేషనే షామ్ షుయ్ పో. ఆ పేరుకి అర్థం ‘లోతు నీళ్ల రేవు’. ఇప్పుడు అక్కడ నీళ్లూ లేవు, రేవూ లేదు. సముద్రాన్ని పూడ్చుకుంటూ పోవడంతో తీరం దూరం జరిగిపోయింది. పేరు మాత్రం మిగిలింది.

స్టేషన్ మెట్లెక్కి పైకి రాగానే అప్లియు వీధి. అరె, మన కోఠీ గుజరాతీ గల్లీకి వచ్చామా అనిపించింది! తోపుడుబళ్లలాంటి దుకాణాల నిండా రిమోట్లు, ఛార్జర్లు, టార్చిలైట్లు, వైర్ల చుట్టలు, పాత రేడియోలు, ఆగిపోయిన గడియారాలు, కెమెరా లెన్సులు. పైన పాత మేడల కిటికీలకి ఏసీ డబ్బాలు, వెదురు గడల మీద ఆరేసిన బట్టలు. సెంట్రల్‌లో ఉన్న అద్దాల హాంకాంగ్‌కీ దీనికీ సంబంధమే ఉన్నట్టుండదు. ఈ పేటలో వీధికో సరుకు. యూ చౌ వీధి నిండా పూసలూ బొత్తాలూ, కీ లుంగ్ వీధిలో బట్టల తానులు, నామ్ చియోంగ్ వీధిలో రిబ్బన్లూ లేసులూ. మా అత్తగారి బ్లౌజులకి లేసు కొంటానని మావారు అటు వెళ్లిపోయారు. నేనూ పదేళ్ల మావాడూ మిగిలాం.

ఓ బండి దగ్గర చేతిలో పట్టే చైనా గేమ్ మెషిన్లు కుప్పగా పోసి ఉన్నాయి. అమ్మే కుర్రాడు మావాడి చూపు కనిపెట్టేసి, గోరంత మెమరీ కార్డు ఒకటి చూపించాడు. ‘ఇందులో పదివేల ఆటలు. కొత్తవీ పాతవీ అన్నీ. ఏ ఫ్లాష్ కార్ట్‌లోనైనా పెట్టుకోండి’ అని వేళ్ల మీద ధర చెప్పాడు. మన డబ్బుల్లో ఏడువందలు!

మావాడి కళ్లు మెరిశాయి. ‘అమ్మా, కొనవా?’

‘వద్దు నాన్నా.’

‘ఎందుకొద్దు? అంత తక్కువకి వస్తుంటే!’

చెప్పడం తేలిక కాదు. మా చిన్నప్పుడు పైరసీ సీడీలు కొనని ఇల్లు ఎక్కడుంది? మేమూ కొన్నాం. అందుకని నీతులు చెప్పబుద్ధి కాలేదు. వాడికి తాత సంగతి చెప్పాను. పక్కవాడి పేపర్లో చూసి రాసిన లెక్కకి, జవాబు సరైనదే అయినా, నాన్న సున్నా వేసేవారు. ‘ఎవరి కష్టం వాళ్లదిరా’ అనేవారు. ఈ పదివేల ఆటలూ ఎవరో ఒకరు కూర్చుని చేసినవే. వాళ్లకి ఇందులో పైసా వెళ్లదు. తాత స్కోరు దాచడానికి వచ్చి, తాత సున్నా వేసే పని చేస్తే ఎలా?

వాడికి పూర్తిగా నచ్చలేదని మొహంలోనే తెలుస్తోంది. అయినా కదిలాడు.

ముందు మెషిన్ చూపించండి!

రెండు వీధులు దాటితే ఫుక్ వా వీధిలో గోల్డెన్ కంప్యూటర్ ఆర్కేడ్. బయటికి మామూలు పాత భవనం. లోపల ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకి తిరగాల్సిన నడవాలు, అటూఇటూ అగ్గిపెట్టెల్లా దుకాణాలు. 1980ల తొలినాళ్లలో ఆపిల్-2 కంప్యూటర్లకి నకళ్లు చేసి అమ్మినందుకు ఈ భవనం ప్రపంచమంతా పేరు మోసింది. తర్వాత కాపీ సాఫ్ట్‌వేర్లకీ అంతే. ఇప్పుడు ఎక్కువగా కనిపించేవి కంప్యూటర్ విడిభాగాలూ గేమ్ కన్సోళ్లూ.

నాలుగు దుకాణాల్లో తల అడ్డంగా ఊపారు. అయిదో దాంట్లో అరవై దాటిన ఓ పెద్దాయన, కళ్లద్దాలకి పైన ఇంకో భూతద్దం తగిలించుకుని ఏదో టంకం వేస్తున్నాడు. ‘ఫ్లాష్ కార్ట్ కావాలి’ అన్నాను. ఆయన తలెత్తకుండానే ‘ముందు మెషిన్ చూపించండి’ అన్నాడు వచ్చీరాని ఇంగ్లిషులో.

ఎంత మంచి మాట! ఎందుకంటే చాలామంది తప్పు చేసేది అక్కడేనట. గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ కలర్‌లకి ఒక రకం కార్టు. 2001లో వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి ఇంకో రకం. 2004లో వచ్చిన నింటెండో డీఎస్‌కి మరో రకం. పాత గేమ్‌బాయ్ క్యాసెట్టు అడ్వాన్స్‌లో ఆడుతుంది గానీ, అడ్వాన్స్ కార్టు మన గేమ్‌బాయ్‌లో ఆడదు. కరెంటు లెక్క కూడా వేరే... పాతవాటికి 5 వోల్టులు, అడ్వాన్స్ ఆటలకి 3.3. ఈ తేడా పట్టించుకోకుండా చేసిన చవకరకం కార్టులు మెషిన్‌కే చేటు తెస్తాయట.

నా గేమ్‌బాయ్ చూశాక ఆయన అద్దాల పెట్టెలోంచి మూడు కార్టులు తీసి వరసగా పెట్టాడు.

మొదటిది ఎవర్‌డ్రైవ్. ఉక్రెయిన్ ఇంజినీరు రూపొందించింది. పేరున్న సరుకు, ధరా ఎక్కువే. దీనికి నకళ్లు కూడా ఎక్కువే కాబట్టి తెలిసిన చోటే కొనాలి. రెండోది ఓ చైనా కంపెనీది, ధర అందులో సగానికి కాస్త తక్కువ. మూడోది పేరూ ఊరూ లేనిది, అన్నిటికంటే చవక.

‘మీకేం కావాలి? ఆటలా, దాచుకోవడమా?’ అనడిగాడు. నాన్న సంగతి చెప్పాను. ఆయన వెంటనే మూడోదాన్ని తీసి పెట్టెలో పెట్టేశాడు.

‘ఇందులోనూ బ్యాటరీయే. మీ గొడవ మళ్లీ మొదటికొస్తుంది’ అన్నాడు.

కార్టు కొనేటప్పుడు అసలు అడగాల్సింది అదే... స్కోరు ఎలా దాస్తుంది? కొన్నిట్లో పాత పద్ధతే, బ్యాటరీ ఉంటుంది. కొన్నిట్లో ఎఫ్‌ర్యామ్ అనే చిప్పు ఉంటుంది. దానికి కరెంటు అక్కర్లేదు, ఆపేసినా ఏళ్ల తరబడి గుర్తుంచుకుంటుంది. ఆయన చూపించిన రెండోది అలాంటిదే. ఇక గడియారం ఉందా అన్నది ఇంకో ప్రశ్న. పోకెమాన్ గోల్డ్, సిల్వర్ లాంటి ఆటల్లో పగలూ రాత్రీ మారాలంటే కార్టులో గడియారం, దానికో బ్యాటరీ ఉండాలి. టెట్రిస్‌కి ఆ అవసరం లేదు. సెల్లు ఎంత తింటుందన్నదీ చూడాలి. ఫ్లాష్ కార్టులు మామూలు క్యాసెట్లకన్నా ఎక్కువే తింటాయి. మెమరీ కార్డు మాత్రం మంచి కంపెనీది వాడమన్నాడు.

మావాడు ఊరుకోలేదు. ‘మా ఫ్రెండ్ వాళ్ల అన్నయ్య దగ్గర డీఎస్ ఉంది. దానికి ఆర్4 కార్డు ఉంటే అన్నీ ఫ్రీ అట కదా?’ అన్నాడు. పెద్దాయన నవ్వాడు. ఒకప్పుడు ఆ కార్డులు ఇక్కడ పల్లీల్లా అమ్ముడుపోయాయట. డీఎస్‌లు ప్రపంచం మొత్తంమీద 15.4 కోట్లు అమ్ముడైతే, వాటితోపాటే ఆర్4 కూడా ఊరూరా పాకింది. నింటెండో, మరో 54 ఆటల కంపెనీలు కలిసి 2008లో టోక్యో కోర్టుకెక్కాయి. 2009 ఫిబ్రవరిలో వాటి అమ్మకాన్ని ఆపమని తీర్పొచ్చింది. 2010లో లండన్ హైకోర్టూ అలాగే చెప్పింది. తర్వాత వచ్చిన నకిలీ ఆర్4లలో కొన్నయితే ఒక తేదీ దాటగానే వాటంతటవే పనిచేయడం మానేసేలా చేసినవి! ఫ్రీ అనుకున్నది ఎంతకాలం ఫ్రీయో చెప్పలేం.

సొంత క్యాసెట్‌ని కాపీ చేసుకునే విషయంలో చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉన్నాయి. నామట్టుకు నేను గీసుకున్న గీత ఒకటే... డబ్బిచ్చి కొన్న మా ఆట, మా నాన్న స్కోరు. అంతకుమించి ఒక్కటీ వద్దు.

సున్నాల తెర

రెండో కార్టు తీసుకున్నాను. మెమరీ కార్డుతో కలిపి మన లెక్కలో దాదాపు నాలుగున్నర వేలు. కాపీ తీసిపెట్టడానికి వేరే డబ్బులేం వద్దన్నాడు.

క్యాసెట్ ఆయన చేతికిస్తుంటే నా చెయ్యి వణికింది. ఏమైనా అయితే? ఇన్నాళ్లూ ఇంట్లో భద్రంగా ఉన్నదాన్ని ఇంత దూరం మోసుకొచ్చి, ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పెడుతున్నానే!

ఆయన దాన్ని రీడర్లో గుచ్చాడు. కంప్యూటర్ తెర మీద ఆట పేరు ఉండాల్సిన చోట ఏవో పిచ్చి గీతలు. స్కోరు ఉండాల్సిన చోట అన్నీ సున్నాలు.

నాకు మాట రాలేదు. మావాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

పెద్దాయన మాత్రం కంగారుపడలేదు. క్యాసెట్ బయటికి తీసి, అంచున ఉన్న రాగి పళ్లని భూతద్దంలో చూపించాడు. నల్లగా పాచి పట్టినట్టున్నాయి. చెవిపుల్ల లాంటి దూది పుల్లని స్పిరిట్‌లో ముంచి, ఒక్కో పన్నూ మెల్లగా తుడిచాడు. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. దూది నల్లబడటం ఆగేదాకా తుడిచాడు. అయిదు నిమిషాలు ఆరనిచ్చాడు. ఆ అయిదు నిమిషాలూ నాకు రాజమండ్రి ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టే ఉంది.

మళ్లీ గుచ్చాడు. ఈసారి తెర మీద ఆట పేరు తిన్నగా వచ్చింది. రెండుసార్లు కాపీ తీసి, రెండూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చి చూశాడు. ఒకటి నా పెన్‌డ్రైవ్‌లో వేశాడు. ఇంకోటి కొత్త కార్టులో ఎక్కించి, గేమ్‌బాయ్‌లో పెట్టి, నా చేతికిచ్చాడు. ‘మీరే ఆన్ చేయండి’ అన్నాడు.

చేశాను. నాన్న పేరు. పక్కనే 2,18,476.

నేనేం మాట్లాడలేదు. ఆయన కూడా తల వంచుకుని తన టంకం పని చేసుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి, ‘పాత క్యాసెట్‌లో కొత్త బ్యాటరీ వేయమంటారా? స్కోరు మళ్లీ ఎక్కించేస్తాను, భయం లేదు’ అన్నాడు. ఆలోచించి వద్దన్నాను. ఆ బ్యాటరీ నాన్న ఆడిన రోజుల నాటిది. ఉన్నన్నాళ్లు ఉండనీ.

వచ్చేసేటప్పుడు మావాడి దిగులు మొహం చూసి ఆయన ఓ సంగతి చెప్పాడు. గేమ్‌బాయ్ కోసం ఇప్పటికీ కొత్త ఆటలు తయారుచేసేవాళ్లు ఉన్నారట. జీబీ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పిల్లలు కూడా చేయొచ్చట. చేసింది ఇదే కార్టులో వేసుకుని ఆడుకోవచ్చట! ‘కార్టు మంచిదో చెడ్డదో కార్టుని బట్టి ఉండదు, అందులో మీరేం వేస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది’ అన్నాడు. మావాడి మొహం అప్పుడు విప్పారింది.

మిగిలిన ఒకే ఒక్క భవనం

సాయంత్రం పై హో వీధిలో ‘కుంగ్ వో’ అనే పాత సోయా దుకాణంలో మావారు కలిశారు. చేతిలో మూడు మీటర్ల లేసు! వేడివేడి సోయా పాల జున్ను మీద పంచదార చల్లి ఇచ్చారు. అచ్చం మన జున్నులాగే జారిపోతుంది గొంతులోకి. శాకాహారులకి ఈ పేటలో ఇంతకన్నా మంచి టిఫిన్ దొరకదు.

అక్కడి నుంచి పావుగంట నడిస్తే మే హో హౌస్. 1953 క్రిస్మస్ రాత్రి షెక్ కిప్ మే గుడిసెల్లో నిప్పంటుకుని 50 వేల మందికి పైగా నిలువనీడ లేకుండా పోయారు. వాళ్ల కోసం సర్కారు కట్టించిన ఇళ్లతోనే హాంకాంగ్‌లో ప్రభుత్వ గృహవసతి మొదలైంది. ఇంగ్లిషు ‘హెచ్’ అక్షరం ఆకారంలో కట్టిన ఆ తొలి భవనాల్లో ఇప్పుడు మిగిలింది ఇదొక్కటే. దీన్ని యూత్ హాస్టల్‌గా, మ్యూజియంగా మార్చారు. అప్పటి ఇరుకు గదులు, కిరోసిన్ స్టవ్వులు, మంచాలు, పిల్లల స్కూలు సంచులు ఎలా ఉండేవో అలాగే పెట్టారు. వాటి ముందు ఓ ముసలావిడ మనవరాలికి ఏదో చూపిస్తూ చెబుతోంది. భాష తెలియకపోయినా ‘మా ఇంట్లోనూ ఇలాంటిదే ఉండేది’ అంటోందని అర్థమైంది.

హైదరాబాద్ వచ్చాక పాత క్యాసెట్‌ని బీరువాలో నాన్న ఫొటో పక్కన పెట్టాను. కొత్తది మావాడి దగ్గరుంది. వాడి పేరుతో వేరే ఖాతా తెరుచుకున్నాడు. ఆదివారాలు జీబీ స్టూడియోలో ఏదో ఆట చేస్తున్నాడు... కళ్లజోడు పెట్టుకున్న ఓ మాస్టారు స్కూలంతా తిరుగుతూ కాపీ కొట్టేవాళ్లని పట్టుకుంటాడట! టెట్రిస్‌లో వాడి అత్యధిక స్కోరు ఇప్పటికి 96 వేలు.

తాత ఇంకా ముందే ఉన్నారు.

మీరూ వెళ్తారా...

* భారతీయులు హాంకాంగ్ వెళ్లేముందు ఆన్‌లైన్‌లో ముందస్తు రిజిస్ట్రేషన్ చేసుకోవాలి. దీనికి రుసుము లేదు. ఒక్కోసారి 14 రోజుల వరకూ ఉండొచ్చు.

* షామ్ షుయ్ పో స్టేషన్‌లో అప్లియు వీధికి ఎ2 లేదా సి2 ద్వారం, గోల్డెన్ ఆర్కేడ్‌కి డి2 ద్వారం దగ్గర. రైలూ బస్సూ ఫెర్రీ అన్నిటికీ ఆక్టోపస్ కార్డు ఒక్కటి చాలు.

* దుకాణాలు చాలావరకు మధ్యాహ్నానికి గానీ తెరవరు. పొద్దున్నే వెళ్లి ప్రయోజనం లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాతావరణం హాయిగా ఉంటుంది.

* మీ ఇంట్లోనూ పాత గేమ్‌బాయ్ ఉంటే... ఊరికే బ్యాటరీ మార్పించకండి. ముందు కాపీ తీయించండి. ఆ పని హాంకాంగ్ వెళ్లకుండా కూడా చేసుకోవచ్చు. కాకపోతే ఆలస్యం మాత్రం చేయొద్దు!